మిద్దె తోట – మీ ప్రశ్నలు: సన్‌డ్యూ కుండీలో ఏం నింపాలి?

ఆగస్టులో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన ముగిసిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. మురిపెంగా కొన్న మొక్క సెప్టెంబరు నాటికి తల వేలాడేస్తుంది, అప్పుడు నేను గుర్తొస్తాను. ఈసారి సగానికి పైగా ఉత్తరాలు ఒకే మొక్క గురించి వచ్చాయి. అది పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ. శాస్త్రీయంగా డ్రోసెరా అంటారు. ఆకుల మీద ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన మంచుబొట్టులా మెరిసే బంక. మందారానికి పిండినల్లి పట్టిందని రాసినవాళ్లు ఈ నెలకి నన్ను మన్నించాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, పూల ప్రదర్శన చూసి వస్తూ బయట ఒక సన్‌డ్యూ కొన్నాను. ఐదు రూపాయల బిళ్లంత మొక్క. ఇరుకు కుండీలో ఉంది పాపం అని ఇంటికి రాగానే తులసికి కలిపే మట్టిలోకి మార్చాను. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ సమానంగా కలిపి, పైన గుప్పెడు వేపపిండి వేశాను. రోజూ బోరు నీళ్లు పోశాను. తొమ్మిదో రోజుకి ఆకులు నల్లబడ్డాయి, బంక ఎండిపోయింది. నేనేం తక్కువ చేశాను?
– ఒక పాఠకురాలు, హొరమావు

జవాబు: తక్కువేం చెయ్యలేదమ్మా, ఎక్కువ చేశారు. తులసికి అది పండగ భోజనం. సన్‌డ్యూకి విషం.

ఈ మొక్కలు పుట్టిన చోటు చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే ఇసుక నేలలు, బురద పట్టిన పచ్చిక, రాతి మీద నీరు జారే చోట్లు. ఏళ్ల తరబడి నీళ్లు పారి పారి అక్కడి మట్టిలో సారమంతా కొట్టుకుపోయి ఉంటుంది. నత్రజని దాదాపు ఉండదు. అందుకే ఈ మొక్క ఆకులతో పురుగుల్ని పట్టుకోవడం నేర్చింది. వేళ్ల పని నీళ్లు తాగడం, నేలని పట్టుకుని ఉండడం, అంతే. దాని అన్నం ఆకు మీద, నీళ్లు వేళ్ల దగ్గర. మీరు వేళ్లకే విస్తరి వేశారు. ఎరువులోని లవణాలకి ఆ సన్నటి వేళ్లు కాలిపోతాయి.

సిగ్గుపడకండి, నేను మూడింటిని చంపాకే నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసినదాన్ని, కొలవకుండా ఏదీ నమ్మకూడదని కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఒక దుకాణంలో ‘పీట్’ అని రాసి ఉన్న సంచీ చూసి కళ్లు మూసుకుని కొనేశాను. మొక్కలు పోయాక సంచీ వెనక్కి తిప్పితే కొబ్బరిచెట్టు బొమ్మ! అప్పుడు బుద్ధొచ్చి ఆ పీట్ ఒక గ్లాసు, డిస్టిల్డ్ నీళ్లు రెండు గ్లాసులు కలిపి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే వడగట్టి టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది, ముంచితే 870 చూపించింది. మీటరే పాడైందనుకుని ఉత్త డిస్టిల్డ్ నీళ్లలో ముంచాను. సున్నా. మీటర్ బాగానే ఉంది, నేనే పాడయ్యాను.

కోకోపీట్ వేరు, పీట్ వేరు. మన ఊళ్లలో అందరూ తికమక పడేది ఇక్కడే. కోకోపీట్ కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు. అందులో పొటాషియం, సోడియం లవణాలు సహజంగానే ఉంటాయి. పీచుని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. అసలు పీట్ అంటే స్ఫాగ్నమ్ అనే నాచు చలిదేశాల చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని, సగం కుళ్లి సగం కుళ్లక మిగిలిన గోధుమరంగు పొడి. మనకి వచ్చేది ఎక్కువగా కెనడా నుంచి, బాల్టిక్ దేశాల నుంచి. దాని పీహెచ్ సుమారు 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది, అంటే బాగా ఆమ్లం. లవణాలు బహుతక్కువ. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగే సరుకు కాబట్టి పొదుపుగా వాడతాను. మనీప్లాంట్‌కీ మల్లెకీ పీట్ కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటికి కోకోపీట్ బంగారంలా సరిపోతుంది.

ఇక మిశ్రమం. ఎరువు కలపని పీట్ రెండు గ్లాసులు, పెర్లైట్ (వేడికి పేలాల్లా ఉబ్బిన తెల్లటి రాతి గింజలు) ఒక గ్లాసు. మీరు కొన్నది వర్ణన బట్టి స్పాటులేటా అనే రకం సన్‌డ్యూ అనుకుంటున్నాను, దానికి ఇది చాలు. సంచీ మీద ఎన్‌పీకే (ఎరువు పాళ్ల) అంకెలు గానీ, ‘స్టార్టర్ ఫర్టిలైజర్’ అన్న మాట గానీ కనిపిస్తే అక్కడే వదిలేసి వచ్చేయండి. పెర్లైట్‌ని ముందు తడపండి, దాని తెల్లటి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఎండిన పీట్ నీళ్లు తాగదు. పైన పోస్తే ముత్యాల్లా దొర్లిపోతాయి, అడుగంతా పొడిగానే ఉంటుంది. నేను గోరువెచ్చటి ఆర్‌వో నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ బేసిన్‌లో చపాతీ పిండిలా పిసుకుతాను. మొదటి ఐదు నిమిషాలు చేతికి పొడి అంటుకుంటూ విసుగు పుడుతుంది. ఉన్నట్టుండి రంగు మారి కాఫీ డికాషన్ తీసేసిన పిప్పిలా అవుతుంది. ఆ మార్పు కంటికి తెలుస్తుంది. పిడికెడు తీసి గట్టిగా నొక్కితే నాలుగైదు చుక్కలు కారాలి, ధార కట్టకూడదు. అప్పుడు పెర్లైట్ కలపండి.

కుండీ ప్లాస్టిక్‌ది, పది సెంటీమీటర్ల లోతు, అడుగున చిల్లులు. మట్టికుండీ వద్దు. అందులోంచి లవణాలు ఊరుతూనే ఉంటాయి, మట్టికుండీ బయట తెల్లగా పూసేది అదే. కుండీని ఒక పళ్లెంలో పెట్టి, పళ్లెంలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీళ్లు ఉండేలా చూసుకోండి. పైనుంచి పోసే పని లేదు.

ఆ నీళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మిశ్రమం ఎంత శుభ్రంగా కలిపినా బోరు నీళ్లు పోస్తే రెండు నెలల్లో అదీ పాడవుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, లవణాలు కుండీలోనే మిగులుతాయి. టీడీఎస్ 50 లోపు ఉంటే మంచిది, వంద దాటకూడదు. మా రామమూర్తినగర్ బోరు 740 ఉంది. ఇంటి ఆర్‌వో యంత్రం నీళ్లు సరే గానీ, ఇప్పుడు చాలా వాటిలో రుచి కోసం మినరల్స్ మళ్లీ కలుపుతున్నారు, కొలిచి వాడండి. వాన నీళ్లకి మించినవి లేవు. మిద్దె మీద మొదటి పది నిమిషాల వాన దుమ్ము కడిగేశాక బక్కెట్ పెట్టండి.

మీ మొక్కకి ఇప్పుడే చికిత్స: పెకలించి, వేళ్లని ఆర్‌వో నీళ్లలో మెల్లగా ఊపి కడిగి కొత్త మిశ్రమంలో పెట్టండి. మధ్యలో చిగురు పచ్చగా ఉంటే బతుకుతుంది. ఒక్క మంచి ఆకైనా మిగిలి ఉంటే మొదలుతో సహా తుంచి, మూతున్న సీసాలో ఆర్‌వో నీళ్ల మీద తేలేసి వెలుతురున్న చోట పెట్టండి. కొన్ని వారాల్లో ఆకు మీదే పిల్ల మొక్కలు లేస్తాయి. పెద్ద మొక్క పోయినా వంశం నిలుస్తుంది.

ప్రశ్న: ఆంటీ, నేను ఐటీలో పనిచేస్తాను, ఒక్క కిటికీ ఉన్న గది నాది. నా దగ్గర కేపెన్సిస్, ఎడెలే, బర్మానీ మూడు సన్‌డ్యూలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే లాంగ్ ఫైబర్ మాస్, ప్యూమిస్, వర్మిక్యులైట్, సిలికా అని పదిరకాలు. రెడీమేడ్ మిక్స్ కూడా అమ్ముతున్నారు. ఏది కొనాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మూడింటికీ ఒకటే కలిపేయొచ్చా?
– ఒక పాఠకుడు, బెళ్లందూరు

జవాబు: కలిపేయొచ్చు బాబూ, కానీ మూడు వేర్వేరు ఊళ్ల పిల్లల్ని ఒకే హాస్టల్లో వేసినట్టుంటుంది. ఒకడికి పడుతుంది, ఒకడు సర్దుకుంటాడు, ఒకడు ఇంటికి ఫోన్ చేస్తాడు.

కేపెన్సిస్ దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపుది. మొండిది. పైన చెప్పిన పీట్, పెర్లైట్ మిశ్రమంలో కళ్లు మూసుకుని పెరుగుతుంది. ఎడెలే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాన అడవిలో నీడన పెరిగేది. దానికి ఉత్త లాంగ్ ఫైబర్ స్ఫాగ్నమ్, అంటే పొడి కాకుండా పోగులుగా ఉండే ఎండు నాచు, ఇష్టం. ఈ నాచు తన బరువుకి పదిహేను ఇరవై రెట్లు నీళ్లు పడుతుంది, అయినా పోగుల మధ్య గాలి ఆడుతుంది. కుండీలో నొక్కి కుక్కొద్దు, దూది పెట్టెలో సర్దినట్టు వదులుగా వెయ్యి. బర్మానీ మన దేశంలోనూ పుట్టేదే, ఇసుక నేలల మొక్క. దానికి పీట్ ఒక గ్లాసు, సిలికా ఇసుక ఒక గ్లాసు. ఇసుక ఇంకొంచెం ఎక్కువైనా ఏమీ అనుకోదు.

పెర్లైటా ఇసుకా అని చాలామంది పోట్లాడుకుంటారు. నా మాట: గది కిటికీలో పెర్లైట్, మిద్దె మీద ఇసుక. పెర్లైట్ తేలిక, పెద్ద వాన పడితే తేలి పైకొచ్చి కుండీ మీద సగ్గుబియ్యం చల్లినట్టు పేరుకుంటుంది, తర్వాత పాచి పట్టి ఆకుపచ్చగా మారుతుంది. ఇసుక కదలదు, కుండీ గాలికి పడదు. ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి బాగుంటుంది గానీ దండగ ఖర్చు. వర్మిక్యులైట్ అనే ఖనిజం వద్దు, అది తనలోని మెగ్నీషియం, పొటాషియం వదులుతుంది.

రెడీమేడ్ మిక్స్ కొంటే కొను, కానీ నా గ్లాసు పరీక్ష పెట్టు: మిక్స్ ఒక గ్లాసు, ఆర్‌వో నీళ్లు రెండు గ్లాసులు, ఒక రాత్రి. పొద్దున వచ్చిన అంకెలోంచి నీ నీళ్ల అంకె తీసెయ్యి. తేడా 50 లోపుంటే వాడేస్తాను. అంతకు మించితే రెండు మూడు సార్లు కడిగి మళ్లీ కొలుస్తాను. వందలు దాటితే ఆ సంచీ కరివేపాకు చెట్టుకి పోతుంది. మీటర్ ఖరీదు ఒక పిజ్జాకి తక్కువే.

ఇంకో మోసం. ‘మాస్ స్టిక్’ అని మన నర్సరీల్లో అమ్మే కర్ర చుట్టూ ఉండేది చాలావరకు కొబ్బరి పీచే, నాచు కాదు. అలంకరణకి ఆకుపచ్చ రంగు వేసి అమ్మే నాచు కూడా వద్దు. అసలు స్ఫాగ్నమ్ ఎండితే లేత గడ్డి రంగులో ఉంటుంది, తడిపితే స్పాంజిలా ఉబ్బుతుంది.

మట్టి అంతా బాగుండి బంక రాకపోతే మట్టిని అనుమానించకు. నీ గదిలో వెలుతురు చాలట్లేదని అర్థం.

ప్రశ్న: అండీ, సన్‌డ్యూకి పుల్లటి మట్టి కావాలని ఎక్కడో చదివాను. కరివేపాకు చెట్టుకి పోస్తాం కదా అని దీనికీ రెండు చెంచాల పుల్ల మజ్జిగ పోశాను. ఇప్పుడు కుండీ మీద తెల్లగా బూజు. మావారు నవ్వుతున్నారు.
– ఒక పాఠకురాలు, కమ్మనహళ్లి

జవాబు: మీవారిని నవ్వనివ్వండి, ఆయన ఏం పోసేవారో అడగండి ముందు. మీ ఆలోచనలో తర్కం ఉంది, పదార్థంలోనే పొరపాటు. పులుపు ఒక్కటే కాదు, మజ్జిగలో ప్రోటీను, చక్కెర, కాల్షియం, మీరు వేసి ఉంటే ఉప్పు కూడా ఉన్నాయి. బూజు దానికే వచ్చింది. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు కూడా వద్దు. ఇలాంటి ఉత్తరం ఒకటి నిరుడు వచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను.

స్ఫాగ్నమ్ పులుపు వేరే రకం. ఆ నాచు కణాల గోడలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాంటి వాటిని లాక్కుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లని వదులుతాయి. అంటే లవణాలు తగ్గుతాయి, ఆమ్లం పెరుగుతుంది, రెండూ ఒకేసారి. మనం పైనుంచి పోసే పులుపు అలా కాదు, తనతోపాటు ఏదో ఒకటి మోసుకొస్తుంది. పీట్ వేశాక మీరు పీహెచ్ గురించి ఆలోచించక్కర్లేదు.

పాల వస్తువు ఈ మొక్కకి బొత్తిగా కొత్త కాదు లెండి. చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి సన్‌డ్యూలతో ప్రయోగాలు చేసి 1875లో పుస్తకం వేశాడు. పచ్చి మాంసం ముక్కలతో పాటు పాలచుక్కలు కూడా వేసి చూస్తే వెంట్రుకలు వంగి చుట్టుకున్నాయి. అయితే ఆయన వేసింది ఆకు మీద. వేళ్ల దగ్గర కాదు. మీరు పై పొర ఒక సెంటీమీటరు తీసేసి, కుండీలోంచి ఒక లీటరు వాన నీళ్లు గానీ ఆర్‌వో నీళ్లు గానీ మెల్లగా పారించండి. బూజు మళ్లీ వస్తే మిశ్రమం మార్చడమే.

ప్రశ్న: మాది చెన్నై. ఇక్కడ పీట్ దొరికింది, సిలికా ఇసుక దొరకలేదు. మెరీనా నుంచి శుభ్రమైన ఇసుక తెచ్చి పదిసార్లు కడిగితే సరిపోతుందా? లేక ఇల్లు కడుతున్నచోట ఎం-శాండ్ తెచ్చుకోనా? ఎండలకి ఇంకేం జాగ్రత్త?
– ఒక పాఠకుడు, మడిపాక్కం

జవాబు: ఉప్పు పది కడుగుళ్లకి పోతుందేమో గానీ గవ్వలు పోవు. సముద్రపు ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది, అది సున్నం. పీట్ ఇచ్చే ఆమ్లాన్ని అది నెమ్మదిగా తినేస్తుంది. ఏ ఇసుకనైనా ఇలా పరీక్షించండి: ఒక చెంచా స్టీలు గిన్నెలో వేసి తెల్ల వెనిగర్ నాలుగు చుక్కలు పోసి చెవి దగ్గర పెట్టుకోండి. సుయ్‌మని బుడగలు వస్తే పారేయండి. అక్వేరియం దుకాణాల్లో తెల్లగా మెరిసే ఇసుక కూడా ఒక్కోసారి పగడాల పొడి అయి ఉంటుంది, దానికీ ఇదే పరీక్ష.

ఎం-శాండ్ అంటే రాయి పిండి చేసింది. నేను ఒకసారి వాడాను. మెత్తటి పొడి కిందికి దిగి కుండీ అడుగున సిమెంటులా పేరుకుంది, వేళ్లు కుళ్లాయి. మళ్లీ ముట్టుకోలేదు. స్విమ్మింగ్ పూల్ సామాన్లు, నీటి ఫిల్టర్ ప్లాంట్ల సామాన్లు అమ్మే దుకాణంలో ‘ఫిల్టర్ శాండ్’ అని అడగండి. అది జల్లించిన సిలికానే. కావలసింది ఉప్మా రవ్వంత గింజ, మైదాలా ఉంటే వద్దు. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

ఎండ సంగతి. చెన్నైలో మే నెలలో నల్లటి ప్లాస్టిక్ కుండీ ఎండలో పెడితే లోపల వేళ్లు ఉడుకుతాయి. తెల్ల కుండీ వాడండి, లేదా కుండీని ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్యలో తడి నాచు కూరండి. మీకు బర్మానీ, ఇండికా నా సిఫార్సు, మన వేడికి పుట్టిన మొక్కలు. చలిలో నిద్రపోవలసిన రొటుండిఫోలియా జోలికి పోకండి, చెన్నైలో దానికి నిద్ర పట్టదు. పళ్లెంలోకి ఏసీ నీళ్లు పడతానంటే పట్టండి, టీడీఎస్ తక్కువే ఉంటుంది. ఏసీ సర్వీసు చేయించిన మొదటి రెండు రోజులవి మాత్రం వదిలేయండి, మందు కొట్టి ఉంటారు.

ప్రశ్న: పిన్ని గారూ, మాది విజయనగరం జిల్లా. ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. మీరు చెప్పే సన్‌డ్యూ లాంటిదే మా ఊరి చెరువు పక్కన చిన్నప్పుడు చూశాను, బురదబూచి అనేవాళ్లు. సంక్రాంతికి వెళ్తున్నాను. అక్కడి మట్టితో సహా రెండు మొక్కలు తవ్వి తెచ్చుకుంటే మిశ్రమం గొడవే ఉండదు కదా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: బురదబూచి అన్న మాట చదివి కాసేపు పని మానేసి కూర్చున్నానమ్మా. మాదీ అటు పక్కే. మా చెరువు గట్టుకి అవతల పశువులు తిరిగే ఇసుక పర్రలో, చలికాలం పొద్దున్నే వెళ్తే నేలంతా ఎర్రటి బొట్లు పెట్టినట్టుండేది. వంగి చూస్తే ఒక్కోటి రెండు సెంటీమీటర్ల మొక్క, నేలకి అతుక్కుని, నడుమ నుంచి లేచిన సన్నటి కాడకి తెల్లటి పువ్వు. గడ్డి పుల్లతో ఆకు మధ్యలో గీరేవాళ్లం, అంచు వెంట్రుకలు గబుక్కున లోపలికి వంగేవి. సన్‌డ్యూల్లో బాగా చురుకైన వాటిలో ఈ బర్మానీ ఒకటి, అంచు వెంట్రుకలు సెకన్లలో వంగుతాయి. ఆ వయసులో అదేదో ఆట, అంతే.

తవ్వి తేవద్దు. ఆ మొక్క ఎక్కువగా ఏడాది మొక్కే, పూసి, గింజ కట్టి, నేల ఎండేసరికి పోతుంది. సంక్రాంతికి మీరు తవ్వేది ముసలిదాన్ని. రైలు ప్రయాణం తట్టుకోదు, అక్కడి గింజ నేల రాలకుండా పోతుంది. మట్టి కూడా వద్దు. చెరువు పక్క మట్టిలో ఇప్పుడు పొలాల యూరియా ఎంత కలిసిందో కంటికి కనపడదు, పైగా గడ్డి గింజలు, నత్త గుడ్లు ఉచితం.

మట్టి తేకపోయినా చూసి రండి. చిటికెడు వేళ్ల మధ్య నలపండి. గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువ, జారితే బంకమన్ను. అది గుర్తు పెట్టుకుని ఇక్కడ పీట్, సిలికా పాళ్లు కలుపుకోండి. ఎండిన పూకాడ ఒకటి దొరికితే తెల్లకాగితం మీద తట్టండి. మిరియపు పొడిలాంటి నల్లటి గింజలు రాలతాయి, అంతకన్నా సన్నగా. ఒక్క కాడ గింజలు ఒక కుండీకి సరిపడా ఉంటాయి, మిగతా కాడల్ని అక్కడే ఉండనివ్వండి.

తడి మిశ్రమం మీద కాగితం మడతలోంచి చల్లండి. పైన మట్టి కప్పొద్దు, వాటికి వెలుతురు కావాలి. కుండీకి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టి పళ్లెంలో నీళ్లు పోసి, సూటిగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. నెల లోపు సూదిమొనంత ఆకుపచ్చ చుక్కలు కనబడతాయి. చూడడానికి భూతద్దం కావాలి, నేనైతే పాత ల్యాబ్ లెన్సు వాడతాను. మూడో ఆకుకే బంకబొట్టు వచ్చేస్తుంది.

గింజలు ఎక్కువగా రాలితే పొట్లం కట్టి పత్రిక చిరునామాకి నాకో చిటికెడు పంపండి. కుండీ కలిపి ఉంచుతాను.